సర్వర్ మూసేసిన రేసింగ్ గేమ్‌ని మళ్ళీ నలుగురూ కలిసి ఆడుకోవడం ఎలా

2006లో గుంటూరు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్ ఉండేది, గంటకి పదిహేను రూపాయలు, నాలుగు సిస్టమ్స్ పక్కపక్కనే, ట్యూషన్ ఎగ్గొట్టి నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ (కార్ రేసింగ్ గేమ్) పెట్టుకుని కొట్టుకునేవాళ్ళం. ఆ నలుగురిలో ఇప్పుడు ఇద్దరం విజయవాడలో ఉన్నాం, ఒకడు హైదరాబాద్‌లో, ఇంకొకాయన గుంటూరులోనే (అప్పట్లో మాకు సీనియర్, తర్వాత మా అక్కని చేసుకుని బావ అయ్యాడు, అది వేరే కథ). ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి అదే గేమ్, అదే నలుగురం, ఇప్పటికీ ఆడుతున్నాం. దాని అఫీషియల్ ఆన్‌లైన్ పోయి ఏళ్ళు గడిచిపోయాయి. ఎలా ఆడుతున్నార్రా అని అడిగిన ప్రతివాడికీ ఫోన్లో చెప్పలేక మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

ఒక్క మాట ముందే. చాలామంది ఫలానా గేమ్‌కి సర్వర్ ఎక్కడ దొరుకుద్ది అని మొదలుపెడతారు, అక్కడే తప్పు. అసలు మీ గేమ్ సర్వర్‌ని (గేమ్‌కి వెనక పనిచేసే కంపెనీ కంప్యూటర్‌ని) దేనికి వాడుకునేదో తెలుసుకోండి, సగం పని అక్కడే అయిపోద్ది.

ముందు మీ గేమ్ ఏ రకమో చూడండి

నెట్ కేబుల్ పీకేసి గేమ్ ఓపెన్ చేయండి. మెయిన్ మెనూ వచ్చి, మల్టీప్లేయర్‌లో లాన్ (పక్కపక్కన ఉన్న సిస్టమ్స్ బయటి నెట్ లేకుండా కలవడం) అనే ఆప్షన్ కనపడితే మీ అదృష్టం, మీకు ఎవడి సర్వరూ అక్కర్లేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ (నీడ్ ఫర్ స్పీడ్) అండర్‌గ్రౌండ్ 2, మోస్ట్ వాంటెడ్ (2005ది, 2012ది కాదు), బ్లర్, ఇవన్నీ పీసీలో ఈ రకమే. మన కాలేజీ హాస్టళ్ళలో బ్లర్ అంతగా పాకింది కూడా ఆ లాన్ వల్లే.

రెండో రకం, గేమ్ సింగిల్ ప్లేయర్ బానే ఆడుద్ది గానీ ఆన్‌లైన్ మాత్రం కంపెనీ సర్వర్ ద్వారానే. అక్కడ సర్వర్ పని పెళ్ళిళ్ళ పేరయ్య పని లాంటిది, ఎవరెవరు ఆడటానికి రెడీగా ఉన్నారో చూసి కలుపుద్ది, రేసు మాత్రం చాలావరకు ప్లేయర్ల మధ్యే నడుస్తుంది. ఈ రకానికి ఫ్యాన్స్ పేరయ్యని మళ్ళీ తయారుచేయగలరు, చాలా గేమ్స్‌కి చేశారు కూడా.

మూడో రకం చెత్త రకం. మీ కార్లు, డబ్బులు, లెవెల్, అన్నీ కంపెనీ సర్వర్‌లో ఉంటాయి, మీ దగ్గర ఉండేది బొమ్మలు గీసే ప్రోగ్రామ్ మాత్రమే. ద క్రూ అలాంటిదే. 2014 డిసెంబర్‌లో వచ్చింది, 2023 డిసెంబర్‌లో అమ్మకం ఆపేశారు, 2024 మార్చి 31న సర్వర్లు కట్టేశారు, ఆ తర్వాత ఒంటరిగా ఆడదామన్నా మెనూ దాటి లోపలికి వెళ్ళదు. డబ్బులిచ్చి డిస్క్ కొన్నవాడిక్కూడా అంతే. దాని మీద వచ్చిన కోపంతోనే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అని మొదలైంది, యూరప్‌లో వాళ్ళు పెట్టిన పిటిషన్ 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటింది. మనం ఇండియాలో ఉండి సంతకం పెట్టే వీల్లేకపోయింది గానీ, గెలవాలని కోరుకోవడానికి పాస్‌పోర్ట్ ఎందుకు.

ఫైల్స్ దాచుకోండి, రెండు ఊళ్ళలో

నవ్వకండి. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న నా సీపీయూ, డిస్కుల డబ్బా, బ్యాకప్ హార్డ్‌డిస్కు, అన్నీ ఒకే బీరువాలో, అన్నీ బురదలో. బ్యాకప్ తీసి పెట్టుకున్నా అని తెగ గర్వంగా ఉండేది, కాకపోతే ఒరిజినల్ పక్కనే పెట్టిన బ్యాకప్ బ్యాకప్ కాదని నాకు బుడమేరే చెప్పింది. గుంటూరులో బావ సిస్టమ్‌లో ఒక కాపీ ఉండబట్టి బతికిపోయాం.

అందుకని ఏం దాచాలంటే: గేమ్ ఇన్‌స్టాలర్ లేదా డిస్క్ ఇమేజ్, అఫీషియల్ ప్యాచ్‌లు (కంపెనీ తర్వాత ఇచ్చిన సవరణలు), డీఎల్‌సీలు (విడిగా అమ్మిన అదనపు సరుకు), సీడీ కీ ఫోటో తీసి, మీ సేవ్ ఫైల్స్. ప్యాచ్‌లు ముఖ్యం, కంపెనీ సైట్ నుంచి అవి మాయమైపోతాయి, మోస్ట్ వాంటెడ్‌కి 1.3, అండర్‌గ్రౌండ్ 2కి 1.2 ఆఖరివి. సేవ్‌లు ఎక్కడుంటాయో చూసుకోండి, మోస్ట్ వాంటెడ్‌వి డాక్యుమెంట్స్‌లో ఉంటాయి, అండర్‌గ్రౌండ్ 2వి యాప్‌డేటా లోపల లోకల్‌లో, ఆ ఫోల్డర్ మామూలుగా కనపడదు, హిడెన్ ఫైల్స్ చూపించమని టిక్ పెట్టాలి. ఒక కాపీ మీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో చుట్టాలింట్లో. క్లౌడ్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది, కాకపోతే మీ సొంత అకౌంట్‌లో, లింక్ అందరికీ పంచకుండా.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే తలనొప్పులు

పాత డిస్క్ వేసి, డబుల్ క్లిక్ కొట్టి, ఏమీ జరగట్లేదని డిస్క్ గీతలు తుడుచుకుంటూ కూర్చోకండి. తప్పు డిస్క్‌ది కాదు. అప్పటి డిస్కుల్లో సేఫ్‌డిస్క్ అని కాపీ ప్రొటెక్షన్ ఉండేది, దాని డ్రైవర్‌ని సెక్యూరిటీ కారణంగా మైక్రోసాఫ్ట్ 2015లో ఒక అప్‌డేట్‌తో పాత విండోస్‌లలో ఆపేసింది, విండోస్ 10లో అసలు పెట్టనేలేదు. కొన్ని గేమ్స్ ఇప్పుడు స్టీమ్‌లోనో జీఓజీలోనో డిజిటల్‌గా దొరుకుతున్నాయి, దొరికితే అదే కొనుక్కోండి. మా నాలుగిట్లో రెండు కాపీలు డిస్కువే, వాటికి ఆ అప్‌డేట్ పడని పాత విండోస్ 7 సిస్టమ్స్ రెండు గవర్నర్‌పేటలో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి వాడుతున్నాం, ఆ రెండూ గేమ్‌కి తప్ప ఇంకదేనికీ వాడం, బ్యాంకు పని అయితే అస్సలు వద్దు.

ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇన్‌స్టాల్ చేయకండి. డీ డ్రైవ్‌లో గేమ్స్ అని ఫోల్డర్ పెట్టుకుని అందులో వేయండి, లేకపోతే విండోస్ మీరు మార్చిన ఫైల్‌ని ఎక్కడో వర్చువల్ స్టోర్‌లో దాచేసి పాతదాన్నే గేమ్‌కి చూపిస్తది, మీరేమో సేవ్ కొట్టా కదా ఎందుకు మారలేదని తల పట్టుకుంటారు. నలుగురి దగ్గరా ఒకే వెర్షన్, ఒకే ప్యాచ్ ఉండాలి, ఒకడు ఎక్స్‌ట్రా కార్ల మోడ్ (ఫ్యాన్స్ తయారుచేసి గేమ్‌లో కలిపే ఫైల్స్) వేసుకుని వస్తే లాబీ (రేసుకి ముందు అందరూ చేరే గది) కనపడదు, లేదా కనపడి రేసు మధ్యలో కుప్పకూలుద్ది. మా హైదరాబాద్ వాడు సుప్రా మోడ్ వేసుకుని మూడు ఆదివారాలు తినేశాడు.

అసలు పని: వేరే వేరే ఇళ్ళని ఒకే నెట్ సెంటర్ చేయడం

లాన్ ఉన్న గేమ్‌కి కావాల్సింది ఒక్కటే, నాలుగు ఇళ్ళలో ఉన్న సిస్టమ్స్ ఒకే గదిలో ఉన్నాయని గేమ్‌ని నమ్మించడం. దానికి వర్చువల్ లాన్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, హమాచీ, రాడ్మిన్ వీపీఎన్, జీరోటియర్, టెయిల్‌స్కేల్. ఇందులో ఏది పడితే అది పెట్టుకోకూడదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

సంగతేంటంటే, పాత గేమ్ లాన్‌లో లాబీని ఎలా వెతుకుద్దో తెలుసా, ఊళ్ళో దండోరా వేసినట్టు, ఎవరైనా గేమ్ పెట్టారా అని నెట్‌వర్క్ మొత్తానికీ ఒక కేక వేస్తుంది, దాన్నే బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఆ కేక విన్న సిస్టమ్ నేనిక్కడున్నా అని జవాబిస్తే లాబీ లిస్టులో కనపడుద్ది. టెయిల్‌స్కేల్ చాలా మంచి సాఫ్ట్‌వేర్, నేను ఆఫీస్ పనికి అదే వాడతా, కానీ అది ఈ బ్రాడ్‌కాస్ట్‌ని మోయదు. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఉండే నంబర్) టైప్ చేసి జాయిన్ అయ్యే గేమ్ అయితే టెయిల్‌స్కేల్ చాలు, లిస్టులో వెతికే గేమ్ అయితే రాడ్మినో జీరోటియరో కావాలి. హమాచీ కూడా పనిచేస్తది గానీ ఫ్రీగా ఐదుగురే. మేం వాడేది రాడ్మిన్, ఫ్రీ, కాకపోతే విండోస్‌కి మాత్రమే, మీ బ్యాచ్‌లో లినక్స్ వాడే మేధావి ఉంటే జీరోటియర్‌కి వెళ్ళండి.

అందరూ రాడ్మిన్ వేసుకోండి, ఒకళ్ళు నెట్‌వర్క్ క్రియేట్ చేసి పేరూ పాస్‌వర్డూ మిగతావాళ్ళకి పంపండి, జాయిన్ అయ్యాక ప్రతి ఒక్కరికీ 26తో మొదలయ్యే ఐపీ వస్తది. అవతలవాడి 26 నంబర్‌కి పింగ్ (అవతలి సిస్టమ్ జవాబిస్తుందో లేదో చూసే కమాండ్) కొట్టి చూడండి. రిప్లై రాకపోతే ముందుకు వెళ్ళకండి, ముందు ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే విండోస్ కాపలా) సంగతి చూడండి: విండోస్‌లో ఆ రాడ్మిన్ నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చండి, గేమ్ ఫైల్‌ని ఫైర్‌వాల్‌లో అలౌ చేయండి. ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేయమని చెప్పేవాళ్ళ మాట వినొద్దు, తలుపు బిగుసుకుపోయిందని ఎవరైనా గోడ కూల్చుకుంటారా.

పింగ్ వస్తుంది, అయినా గేమ్‌లో లాబీ కనపడదు. మాకు రెండు వారాలు ఇదే. నేనూ బావా ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, "ఇప్పుడు కనపడుతుందా?" "లేదురా." "ఇప్పుడో?" "లేదన్నాగా, భోజనం చేసొస్తా ఉండు." చివరికి తేలింది ఏంటంటే సిస్టమ్‌లో నెట్‌వర్క్ అడాప్టర్లు చాలా ఉంటాయి, వైఫై, కేబులు, రాడ్మిన్, ఎప్పుడో వేసి మర్చిపోయిన వర్చువల్ మెషీన్‌ది ఇంకోటి, పాత గేమ్ తన కేకని వాటిలో ఒక్కదాంట్లోనే వేస్తది, మాకేమో అది వైఫైలో వేస్తోంది, వైఫైలో వినేది ఎవరు, మా ఇంటి టీవీ.

మందు ఇది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టండి (ఇంగ్లీషులోనే), అడాప్టర్లన్నీ కనపడతాయి. రాడ్మిన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4, మళ్ళీ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్. కింద ఆటోమేటిక్ మెట్రిక్ అని టిక్ ఉంటది, అది తీసేసి 1 అని కొట్టండి. మెట్రిక్ ఎంత తక్కువైతే ఆ అడాప్టర్‌కి అంత ముందు పిలుపు. అవసరం లేని వర్చువల్ అడాప్టర్లని డిసేబుల్ చేసేయండి. నలుగురి సిస్టమ్స్‌లోనూ చేయాలి, ఒక్కరు చేస్తే చాలదు. సిస్టమ్ రీస్టార్ట్ చేసి, ఒకళ్ళు లాన్‌లో గేమ్ క్రియేట్ చేయండి, మిగతావాళ్ళు రిఫ్రెష్ కొట్టండి. మాకు ఫస్ట్ టైమ్ లాబీ కనపడ్డప్పుడు బావ అరిచిన అరుపుకి పక్కగదిలో పడుకున్న అక్క లేచొచ్చింది, ఆ తర్వాత ఆ రోజుకి గేమ్ లేదు.

పింగ్ గురించి, అంటే జవాబు రావడానికి పట్టే టైమ్ గురించి, ఒక మాట. విజయవాడకి గుంటూరు ముప్పై అయిదు కిలోమీటర్లే గానీ డేటాకి ఆ లెక్క లేదు, మీ ఇద్దరి ప్రొవైడర్లు వేరైతే అది హైదరాబాదో చెన్నైయో తిరిగి రావచ్చు. అయినా పర్లేదు, ఇరవై ముప్పై మిల్లీసెకన్లు రేసింగ్‌కి హాయిగా సరిపోద్ది. నూట యాభై దాటి కార్లు గెంతుతుంటే మాత్రం రాడ్మిన్‌లో ఆ మనిషి పేరు దగ్గర చూడండి, డైరెక్ట్ కాకుండా రిలే (మధ్యలో ఇంకో సర్వర్) ద్వారా కలిసి ఉంటాడు. రూటర్‌లో యూపీఎన్‌పీ (ప్రోగ్రామ్‌కి కావాల్సిన దారిని రూటరే తెరిచే సెట్టింగ్) ఆన్ చేసుకుంటే చాలాసార్లు డైరెక్ట్ అవుద్ది. వైఫై బదులు కేబుల్ పెట్టుకోండి, ఆ ఒక్కదానికే సగం గెంతులు పోతాయి.

లాన్ లేని గేమ్‌లకి

రెండో రకం, మూడో రకం గేమ్స్‌కి ఎవరో ఒకరు సర్వర్ ఎమ్యులేటర్ రాసి ఉండాలి. అంటే కంపెనీ సర్వర్ ఎలా జవాబిచ్చేదో గమనించి అలాగే జవాబిచ్చే ప్రోగ్రామ్. ఎన్‌ఎఫ్‌ఎస్ వరల్డ్ 2015 జూలై 14న మూసేశారు, కానీ సోప్‌బాక్స్ రేస్ వరల్డ్ లాంచర్ ద్వారా ఫ్యాన్స్ సర్వర్లలో ఇప్పటికీ ఆడుతున్నారు. పైన తిట్టుకున్న ద క్రూకి కూడా 2025 సెప్టెంబర్‌లో ద క్రూ అన్‌లిమిటెడ్ వచ్చింది, ఒంటరిగా ఆఫ్‌లైన్‌లోనూ ఆడొచ్చు, కాకపోతే ఒరిజినల్ గేమ్ ఫైల్స్ మీ దగ్గర ఉండాలి, అందుకే ఫైల్స్ దాచుకోండని మొదట్లోనే అంత మొత్తుకున్నా. మారియో కార్ట్ వీకి విమ్‌ఫీ ఉంది, నింటెండో వైఫై 2014 మే 20న మూతపడ్డప్పటి నుంచీ అది నడుస్తోంది. నింటెండో వాళ్ళ కన్సోళ్ళు వీ యూ, త్రీడీఎస్ వాటికి ప్రెటెండో. కన్సోళ్ళ గురించి నేను ఇంతకంటే చెప్పను, నా దగ్గర లేవు.

వీటిలో చాలావాటికి లాంచరే అన్నీ చూసుకుంటది. కొన్నిటికి మాత్రం హోస్ట్స్ ఫైల్ చేత్తో మార్చాలి. భయపడేదేం లేదు. గేమ్ లోపల కంపెనీ సర్వర్ పేరు రాసి ఉంటది, ఆ పేరుకి అడ్రస్ ఏంటని సిస్టమ్‌ని అడుగుద్ది, సిస్టమ్ బయట అడిగే ముందు హోస్ట్స్ ఫైల్‌లో చూసుకుంటది. అక్కడ మీరు పాత పేరు పక్కన కొత్త సర్వర్ ఐపీ రాస్తే గేమ్‌కి తెలీకుండానే కొత్త చోటుకి వెళ్ళిపోద్ది. ఫైల్ ఉండేది సీ డ్రైవ్, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ లోపల. నోట్‌ప్యాడ్‌ని రైట్ క్లిక్ కొట్టి అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేసి, అందులోంచి ఆ ఫైల్ తెరవండి, ముందు ఐపీ, తర్వాత ఒక స్పేస్, తర్వాత పేరు. సేవ్ చేసేటప్పుడు టీఎక్స్‌టీ అని తోక తగిలించకుండా చూడండి, తోక ఉంటే విండోస్ దాన్ని పట్టించుకోదు. ఇన్ని చేసినా కొన్ని గేమ్స్ సర్టిఫికెట్ కూడా చూపించమంటాయి, వాటికి హోస్ట్స్ ఒక్కటీ చాలదు, ఆ ప్రాజెక్ట్ వాళ్ళిచ్చే ప్యాచ్ కూడా వేయాలి.

ఇక్కడ జాగ్రత్త. లాంచర్‌ని ఆ ప్రాజెక్ట్ సొంత పేజీ నుంచే దింపుకోండి, ఎవడో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినది వద్దు, నేను ఒకసారి అలా వేసుకుంటే ఫ్యాన్ జెట్ విమానంలా తిరిగింది, చూస్తే వెనకాల ఎవడికో క్రిప్టో కాయిన్లు తవ్విపెడుతోంది నా సిస్టమ్. ఆ సర్వర్లలో అకౌంట్‌కి మీ మెయిల్ పాస్‌వర్డ్ పెట్టకండి. ఇక చట్టం సంగతి, మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో న్యాయంగా కొన్న ప్రోగ్రామ్‌కి బ్యాకప్ కాపీ తీసుకోవడానికి వీలుంది, ఆ కాపీని పదిమందికి పంచడానికి గానీ అమ్మడానికి గానీ లేదు. కొనని గేమ్ క్రాక్ చేసి ఆడటాన్ని నేను దీంతో కలపను, ఫ్యాన్ సర్వర్ పెట్టి డబ్బులు వసూలు చేసేవాళ్ళ జోలికీ వెళ్ళకండి.

సొంత సర్వర్ పెట్టుకునే గేమ్

నన్నడిగితే ఇదే పద్ధతైన గేమ్. అసెట్టో కోర్సా అనే రేసింగ్ గేమ్ తీసుకోండి, గేమ్ ఫోల్డర్‌లోనే సర్వర్ అని ఇంకో ఫోల్డర్ ఇచ్చేశారు, ట్రాకూ కార్లూ సెలెక్ట్ చేసుకుని రన్ చేస్తే సర్వర్ మీ ఇంట్లోనే. మామూలుగా 9600 పోర్ట్ (డేటా వచ్చే తలుపు నంబర్) టీసీపీ, యూడీపీ (డేటా పంపే రెండు పద్ధతులు) రెండూ, 8081 టీసీపీ, ఈ మూడూ రూటర్‌లో మీ సిస్టమ్‌కి ఫార్వర్డ్ చేయాలి, అంటే బయటి నుంచి వచ్చేవి మీ సిస్టమ్‌కే పంపమని చెప్పాలి. రేపు ఆ కంపెనీ ఉన్నా పోయినా మీ రేసు ఆగదు.

ఫార్వర్డ్ చేసినా బయటివాళ్ళకి అందట్లేదంటే సీజీనాట్ అయ్యుంటది. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ప్రొవైడర్ మీ రూటర్‌కి ఇచ్చిన నంబర్) చూడండి, తర్వాత బ్రౌజర్‌లో నా ఐపీ ఏంటని వెతకండి. రెండూ వేరైతే, లేదా వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే, మీ వీధి మొత్తానికీ కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇచ్చారని అర్థం, అపార్ట్‌మెంట్‌కంతా ఒకే డోర్ నంబర్ ఉన్నట్టు, పోస్ట్‌మ్యాన్ కింద వరకే వస్తాడు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ అడిగితే ఇస్తారు, నెలకి కొంత ఎక్కువ తీసుకుని. నేను ఫోన్ చేస్తే అటువైపు అమ్మాయి రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్ అని నాలుగుసార్లు చెప్పింది, అయిదోసారి నేనే మానేసి రాడ్మిన్‌కి వచ్చా, ఇది కూడా 26 నంబర్ మీద బ్రహ్మాండంగా నడుస్తది.

ఇంకా బతికున్న గేమ్‌కి ఇప్పుడే చేయాల్సినవి

మూసేస్తున్నాం అని అనౌన్స్ చేశాక పరుగులు పెట్టకండి. ఫోర్జా హొరైజన్ 4ని 2024 డిసెంబర్ 15న అమ్మకం నుంచి తీసేశారు, ముందే కొనుక్కున్నవాళ్ళు ఆడుకుంటున్నారు, తర్వాత కొందామనుకున్నవాళ్ళు చూస్తూ ఉండిపోయారు. కాబట్టి డీఎల్‌సీతో సహా కొని, పూర్తిగా డౌన్‌లోడ్ చేసి, ఒకసారి నెట్ పీకేసి ఆడి చూడండి. ఓపికుంటే, మీ గేమ్‌కి ఎమ్యులేటర్ రాస్తున్నవాళ్ళు ఉంటే, సర్వర్ బతికుండగానే వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్‌తో ప్యాకెట్లు (గేమ్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచే డేటా) రికార్డ్ చేసి వాళ్ళకివ్వండి, సర్వర్ పోయాక ఆ రికార్డింగ్ కోట్లిచ్చినా దొరకదు. అందులో మీ లాగిన్ వివరాలు కూడా ఉండొచ్చు, ఇచ్చే ముందు పాస్‌వర్డ్ మార్చేయండి.

చివరగా, ఎవరు హోస్ట్ చేయాలి, అంటే ఎవరి సిస్టమ్‌లో గేమ్ క్రియేట్ చేయాలి. నెట్ స్పీడ్ ఎక్కువున్నవాడని అందరూ అనుకుంటారు, మేమూ అనుకున్నాం, నన్నే పెట్టారు. మే నెలలో సింగ్‌నగర్‌లో కరెంట్ పోయినప్పుడల్లా లాబీ మొత్తం గాలికి పోయేది, లాస్ట్ ల్యాప్‌లో లీడ్‌లో ఉన్నవాడు ఫోన్ చేసి తిట్టేవాడు. ఇన్వర్టర్ ఉండి, రూటర్ కూడా ఆ లైన్ మీదే ఉన్న ఇంటిని హోస్ట్ చేయండి. మాలో అలాంటి ఇల్లు అక్క వాళ్ళదొక్కటే, అందుకని హోస్ట్ బావ. మలుపు కనపడితే కళ్ళు మూసుకునే మనిషి, ప్రతి రేసులో నాలుగో ప్లేసు, అయినా ఆయన స్టార్ట్ నొక్కేదాకా మేం ముగ్గురం లాబీలో ఇంజిన్ రేజ్ చేసుకుంటూ కూర్చోవాల్సిందే.